పళ్ల క్లిప్పులు లోపల వేయించుకోవాలా, బయటా? అంటించే ముందు జరిగే పనిని బట్టి ఎంచుకోండి

"పైకి కనపడని క్లిప్పులు ఉన్నాయట కదా డాక్టరు గారూ, మా అమ్మాయికి అవే వేయండి" అంటూ విజయనగరంలో మా క్లినిక్కుకు వచ్చేవాళ్లు ఏటేటా పెరుగుతున్నారు. బొబ్బిలి, రాజాం, పలాసల నుంచి కూడా వస్తున్నారు. కొందరు అప్పటికే ఫోనులో బొమ్మలు చూసి, ధర కూడా కనుక్కుని, నిర్ణయం చేసేసుకునే కుర్చీలో కూర్చుంటారు. వాళ్లతో నేను మొదట చెప్పే మాట ఇది: పళ్ల వెనక వేసే లింగ్వల్ క్లిప్పుల్లో ఫలితం చాలావరకు అవి నోట్లోకి వెళ్లకముందే, మీ పళ్ల అచ్చు మీద వాటి చోటు గుర్తించిన రోజునే తేలిపోతుంది. అందుకే ఏ కంపెనీవి అని అడిగే ముందు, ఎవరు ప్లాన్ చేస్తారు, ఎలా చేస్తారు అని అడగండి.

ముందుగా ఏమేమి చూసుకోవాలి

మొదటిది, దాచుకోవలసిన అవసరం నిజంగా ఎంత? రోజూ తరగతిలో పాఠం చెప్పేవారికి, హరికథ చెప్పేవారికి, పదో తరగతి పిల్లాడికి ఆ అవసరం ఒకటి కాదు.

రెండవది, పళ్లు ఎంత కదలాలి, ఏ దిక్కుకు కదలాలి? ముందు పళ్ల మధ్య చిన్న సందు మూయడం వేరు. ఎత్తు పళ్లు లోపలికి తేవడానికి నాలుగు పళ్లు తీసి ఆ జాగా అంతా మూయడం వేరు. పైవరుస కిందివరుసను ఎంతవరకు కప్పుతోందో కూడా చూడాలి. లోపలి క్లిప్పులకు ఇది చాలా ముఖ్యం.

మూడవది మీ నాలుక, మీ మాట. నాలుగవది చిగుళ్ల ఆరోగ్యం, బ్రష్షు చేసే అలవాటు. అయిదవది దూరం: ఇచ్ఛాపురం నుంచి వచ్చేవారికి ఒక్కో సందర్శనకు రానూపోనూ రోజంతా పోతుంది, ఒక బ్రాకెట్టు (తీగను పట్టి ఉంచడానికి పంటికి అంటించే చిన్న ముక్క) ఊడితే మరో రోజు. డబ్బు సంగతి చివరకు వస్తుంది. పై అయిదింటికీ సరిపడనిది చవకగా దొరికినా ఖరీదైనదే అవుతుంది.

| చూసుకోవలసినది | బయటి మెటల్ | బయటి సెరామిక్ | పారదర్శక అలైనర్లు | లోపలి క్లిప్పులు |
|---|---|---|---|---|
| కనపడటం | బాగా కనపడతాయి | దగ్గరగా చూస్తే తెలుస్తుంది | దాదాపు తెలియవు | ఎదుటివారికి కనపడవు |
| మాట | పెద్ద తేడా ఉండదు | పెద్ద తేడా ఉండదు | కొద్ది రోజులు స్వల్పంగా | కొన్ని వారాలు స్పష్టంగా తేడా |
| శుభ్రత | శ్రద్ధ కావాలి | శ్రద్ధ కావాలి | తీసి కడుక్కోవచ్చు | చూడలేని చోట శుభ్రం చేయాలి |
| క్లిష్టమైన కదలికలు | బాగా సాధ్యం | బాగా సాధ్యం | కొన్నింటికి కష్టం | మంచి ప్లాను ఉంటే సాధ్యం |
| రోగి క్రమశిక్షణ | మధ్యస్థం | మధ్యస్థం | చాలా ఎక్కువ | మధ్యస్థం |
| ఊడితే | సులువుగా తిరిగి అంటించవచ్చు | సులువే | కొత్తది చేయించాలి | అచ్చుతో తిరిగి కచ్చితంగా అంటించాలి |
| ఖర్చు | తక్కువ | కొంచెం ఎక్కువ | చాలా ఎక్కువ | చాలా ఎక్కువ |

బయటి క్లిప్పులు: మెటల్, సెరామిక్

వీటి గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. పళ్ల ముందు భాగం మనుషులందరిలోనూ ఇంచుమించు ఒకే తీరుగా ఉంటుంది. అందుకే ఫ్యాక్టరీలోనే కోణాలు పెట్టి తయారు చేసిన బ్రాకెట్టు చాలామందికి సరిపోతుంది. డాక్టరు కంటితో చూసి అంటించినా పని జరుగుతుంది, చిన్న పొరపాటు దొర్లితే వచ్చే నెల సర్దవచ్చు. సెరామిక్ పంటి రంగులో కలిసిపోతుంది కానీ మెటల్ కంటే పెళుసు. పైగా కిందివరుసకు వేస్తే పైపళ్లు దానికి రాసుకుని అరిగే ప్రమాదం ఉంది. అందుకని సెరామిక్ కోరుకునేవారికి కూడా చాలాసార్లు పైన సెరామిక్, కింద మెటల్ వేస్తాం.

చెరకు గడ పళ్లతో చీల్చడం, తేగలు కొరికి పీచు లాగడం, గట్టి జంతికలు ముందు పళ్లతో విరవడం వీటితో కుదరదు. లోపలి క్లిప్పులతోనూ కుదరదు. వెనక ఉన్నాయి కాబట్టి ముందు ఏం కొరికినా ఏమీ కాదనుకునేవారిని చూశాను. కొరికినప్పుడు కింది పళ్ల అంచు వెళ్లి తగిలేది సరిగ్గా ఆ వెనకవైపే.

పారదర్శక అలైనర్లు

కంప్యూటర్లో పళ్లను కొద్దికొద్దిగా జరిపి, ఒక్కో మెట్టుకు ఒక్కో పలుచని ప్లాస్టిక్ తొడుగు చేస్తారు. 1997లో మొదలైన అలైన్ టెక్నాలజీ సంస్థ తెచ్చిన ఇన్విజలైన్‌తో ఈ పద్ధతి ప్రపంచమంతా వ్యాపించింది. రోజుకు 20 నుంచి 22 గంటలు పెట్టుకోవాలి. వారానికో రెండు వారాలకో తొడుగు మార్చాలి.

శ్రీకాకుళం జిల్లా నుంచి ఓడల మీద పనికి, హైదరాబాదు, చెన్నై నగరాలకు వెళ్లే యువకులకు నేను చాలాసార్లు దీన్నే సూచిస్తాను. కొన్ని సెట్లు ఒకేసారి ఇచ్చి పంపవచ్చు, ఊడే బ్రాకెట్టు లేదు. కానీ తొడుగును జేబులో రుమాలులో చుట్టి పెట్టుకుని సాయంత్రం దాకా మరిచిపోయేవారికి ఇది పనికిరాదు. వంకర తిరిగిన గుండ్రటి పళ్లను తిప్పడం, పంటిని కిందికి లాగడం, పళ్లు తీసిన పెద్ద జాగాలో వేరును నిటారుగా జరపడం దీనితో కష్టమైన పనులు.

లోపలి క్లిప్పులు: అసలు కష్టం ఎక్కడుంది

ఇవి 1970లలో ఇంచుమించు ఒకే కాలంలో రెండు చోట్ల పుట్టాయి. అమెరికాలో క్రేవెన్ కర్జ్, జపాన్‌లో కిన్యా ఫుజితా విడివిడిగా రూపొందించారు. ఫుజితా ఆలోచన వెనక యుద్ధకళలు అభ్యసించే రోగులు ఉన్నారు: దెబ్బ తగిలినప్పుడు బయటి క్లిప్పులు పెదవులను చీలుస్తాయి, లోపల వేస్తే ఆ బాధ ఉండదు. 1979లో ఆయన తన పద్ధతిని వైద్య పత్రికలో ప్రచురించారు. మన దగ్గర కబడ్డీ ఆడే పిల్లలకు ఈ కారణం ఇప్పటికీ వర్తిస్తుంది.

1980లలో అమెరికాలో వీటి మీద పెద్ద మోజు వచ్చి, కొద్ది ఏళ్లకే తగ్గిపోయింది. పళ్లు దాదాపు సరి అయ్యేవి, చివరి సర్దుబాటు మాత్రం కుదిరేది కాదు. దానికి కారణాన్ని మీ నాలుకే మీకు చెబుతుంది. నాలుక కొసతో పై ముందు పంటి వెనక వైపు తడమండి. నడుమ గుంట, చిగురు దగ్గర ఒక బొడిపె తగులుతాయి. పక్క పన్నుకు ఆ గుంట లోతు వేరు, మీ తమ్ముడి పంటికి ఇంకా వేరు. బయటివైపు బ్రాకెట్టు అర మిల్లీమీటరు పైకి జరిగితే పెద్దగా తెలియదు. ఈ ఏటవాలు మీద అంతే జరిగితే పంటి వాలు కొన్ని డిగ్రీలు మారిపోతుంది. మరో చిక్కు ఏమిటంటే లోపలి వంపు చిన్నది, బ్రాకెట్ల మధ్య దూరం తక్కువ. తీగ పొడవు సగమైతే దాని బిగువు ఎనిమిది రెట్లు అవుతుంది. చోటు తప్పిన బ్రాకెట్టును ఆ బిగువైన తీగ తప్పు దిక్కుకే గట్టిగా తోస్తుంది.

అందుకే లోపలి బ్రాకెట్లను నోట్లో కంటితో చూసి అంటించరు. ముందుగా అచ్చు మీద చోటు కుదిర్చి, బ్రాకెట్లను ఆ చోటనే పట్టి ఉంచే ఒక తొడుగు ద్వారా నోట్లోకి తెస్తారు.

బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణకు మేళం కట్టడం చూసినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. పనసకర్ర దండి మీద మైనం పరిచి, ఇరవైనాలుగు మెట్లను ఒక్కొక్కటిగా ఆనిస్తూ, మీటి వింటూ, వెంట్రుక వాసి జరుపుతారు. మెట్టు తప్పితే ఎంత గొప్ప వైణికుడు వాయించినా ఆ స్వరం పలకదు. మేము కూడా మైనంతోనే మొదలుపెట్టాం. సుద్ద అచ్చులో పళ్లను సన్నని రంపంతో ఒక్కొక్కటిగా విడదీసి, మైనం మీద అవి చికిత్స పూర్తయ్యాక ఎలా ఉండాలో అలా పేరుస్తాం. దీనిని సెటప్ అంటాం. ఆ చక్కని వరుసకు ఒకే తిన్నని తీగ అమరేలా ప్రతి బ్రాకెట్టునూ ఉంచి, బ్రాకెట్టుకూ పంటికీ మధ్య మిగిలిన ఖాళీని రెసిన్‌తో, అంటే గట్టిపడే జిగురులాంటి పదార్థంతో నింపుతాం. ఆ రెసిన్ మెత్త ఆ ఒక్క పంటికే సరిపోతుంది.

రెండు దారులు: చేతి సెటప్, కంప్యూటర్ సెటప్

మొదటి దారిలో తయారు బ్రాకెట్లు కొని, పైన చెప్పినట్టు ల్యాబులో మెత్తలు కడతారు. 1980ల నడుమ టార్గ్ అనే పరికరం వచ్చింది. పంటి కోణం, ఎత్తు కొలిచి బ్రాకెట్టు ఎక్కడ ఉండాలో అది చూపుతుంది. తర్వాత హిరో పద్ధతి వచ్చింది. దానిలో పూర్తి సైజు తీగను ముందే సెటప్ మీద అమర్చి, దానికి బ్రాకెట్లు తగిలించి, ఒక్కో పంటికి విడివిడిగా గట్టి తొడుగు చేస్తారు. నాకు ఈ విడి తొడుగులంటే ఇష్టం. ఒక బ్రాకెట్టు ఊడితే దాని తొడుగు ఒక్కటే తీసి, అదే చోట తిరిగి అంటించవచ్చు. ఖర్చు కొంత తగ్గుతుంది. కానీ ల్యాబులో చేయి తిరిగిన మనిషి ఉండాలి. బ్రాకెట్టు కొంచెం మందంగా ఉంటుంది కాబట్టి నాలుకకు ఎక్కువ తగులుతుంది.

రెండవ దారిలో నోటిని స్కాన్ చేసి సెటప్ కంప్యూటర్లోనే చేస్తారు. బ్రాకెట్టు, మెత్త కలిపి ఒకే ముక్కగా మీ పంటి ఆకారానికే పోతపోస్తారు, తీగలను యంత్రం వంచుతుంది. జర్మనీకి చెందిన డిర్క్ విక్‌మన్ రూపొందించిన ఇన్‌కాగ్నిటో ఈ తరహాలో పేరు పొందింది. అందులో బ్రాకెట్లు బంగారు మిశ్రమంతో పోతపోసినవి. పలుచగా ఉంటాయి, మాటకు ఇబ్బంది తగ్గుతుంది. మెత్త పంటి వెనక భాగాన్ని చాలావరకు కప్పుతుంది కాబట్టి ఊడినా సరిగ్గా దాని గూట్లోకే వెళ్లి కూర్చుంటుంది. ధర బాగా ఎక్కువ. తయారై రావడానికి వారాలు పడుతుంది. పోయిన బ్రాకెట్టు మళ్లీ తెప్పించుకోవాలంటే మళ్లీ ఆగాలి.

పళ్లు మధ్యస్థంగా వంకరగా ఉండి, తీయవలసిన పళ్లు లేకపోతే మొదటి దారి చాలు. పళ్లు తీసి జాగా మూయవలసిన ఎత్తు పళ్లకు, వృత్తి రీత్యా మాట ముఖ్యమైనవారికి డబ్బు కుదిరితే రెండవ దారి మేలు. అయితే కంప్యూటర్ సెటప్ కదా అని డాక్టరు చూడకుండా ఒప్పేసుకుంటే మొదటి దారికంటే ఘోరంగా ముగుస్తుంది. ల్యాబు పంపిన సెటప్‌లో కోరపన్ను వేరు ఎముక దాటి బయటికి పొడుచుకువచ్చినా తెర మీద వరుస అందంగానే కనపడుతుంది. రెండుసార్లు, మూడుసార్లు దిద్దించి పంపే డాక్టరు మంచి డాక్టరు.

పళ్లు తీసిన కేసుల్లో ఇంకో జాగ్రత్త ఉంది. లోపలినుంచి వెనక్కు లాగినప్పుడు ముందు పళ్లు నిటారుగా జరగక వెనక్కి పడిపోతాయి. అందుకని సెటప్‌లోనే వాటిని కావలసినదానికంటే కొంచెం ఎక్కువ ముందుకు వాల్చి పెడతాం. వైద్యుడు ఈ అదనపు వాలు పెట్టారో లేదో మీరు అడగవచ్చు. అడిగితే ఏ మంచి డాక్టరూ నొచ్చుకోరు.

అంటించే రోజు సంగతి దగ్గరగా చెబుతాను. నా తొలి కేసుల్లో ఒకదానిలో అంతా బాగా ప్లాన్ చేశాం. తొడుగు నొక్కేటప్పుడు కుడి కోరపంటి వెనక లాలాజలం సన్నటి పొరలా మిగిలిపోయింది, నేను గమనించలేదు. బ్రాకెట్టు ఒక అంచున లేచి నిలబడింది. ఊడలేదు కాబట్టి ఎవరికీ తెలియలేదు. నాలుగో నెలకు ఆ కోరపన్ను ఒక్కటే పక్కకు తిరిగి నిలుచుంది. తిరిగి అంటించి సరిచేయడానికి మరో నాలుగు నెలలు పట్టింది, ఆ నెలలు ఆ అమ్మాయి జీవితంలోవి. అప్పటినుంచి తొడుగు తీసిన వెంటనే ప్రతి మెత్త అంచునూ సన్నని పరికరంతో తడిమి చూడందే రోగిని కుర్చీ దిగనివ్వను. పంటిని ఇసుక రజనులాంటి సన్నని పొడితో గరుకు చేయడం, 37 శాతం ఫాస్ఫారిక్ ఆమ్లం పూసి కడగడం, ఎండిపోయేదాకా గాలి కొట్టడం, నాలుకను గట్టిగా పక్కకు పట్టి ఉంచడం: ఇంత పనికీ గంట, గంటన్నర పడుతుంది. పావుగంటలో అంటిస్తామంటే అనుమానించండి.

కాటు లోతు, మాట

పైవరుస కిందివరుసను బాగా కప్పేవారికి లోపలి క్లిప్పులు వేస్తే కింది ముందు పళ్లు పై బ్రాకెట్ల మీదనే ఆనుతాయి. కర్జ్ బ్రాకెట్టులో దీనికోసమే చదునైన బల్లలాంటి భాగం పెట్టారు. అప్పుడు వెనక దవడ పళ్లు కొన్నాళ్లు కలవవు, అన్నం నమలడం కష్టంగా ఉంటుంది. లోతు కాటు ఉన్నవారికి ఇది మందులా పనిచేసి ఆ లోతును తగ్గిస్తుంది. పొడవాటి ముఖం ఉండి, ముందు పళ్లు అసలే కలవనివారికి మాత్రం ఇది చెడుపు చేయవచ్చు. పక్కనుంచి తీసే ముఖం ఎక్స్‌రే చూడకుండా లోపలి క్లిప్పులు మీకు పనికొస్తాయని ఎవరూ చెప్పలేరు.

మాట విషయంలో మన భాషకు ఒక ప్రత్యేకత ఉంది. త, థ, ద, ధ, న అక్షరాలను దంత్యాలని బడిలో చెప్పారు కదా. అవి పలికేటప్పుడు నాలుక కొస తాకేది పైపళ్ల వెనకవైపునే, అంటే సరిగ్గా బ్రాకెట్లు ఉన్న చోటనే. "స" పలికేటప్పుడు గాలి అక్కడే రాసుకుంటూ పోతుంది. "చలి", "చాప" అన్నప్పటి చ, "జల్లెడ" లోని జ కూడా ఆ దగ్గరివే. ట, డ, ణ, ళలకు నాలుక వెనక్కు మడిచి అంగిలిని తాకుతుంది కాబట్టి ఇబ్బంది తక్కువ. ఇంగ్లీషు "టీ" పలకడం వారంలో కుదిరినా "తాతయ్య" అనడానికి ఇంకొంచెం పడుతుంది. రోజూ అరగంట పత్రిక పైకి చదవమంటాను. చాలామంది కొన్ని వారాల్లో కుదురుకుంటారు.

మీరు ఎవరైతే ఏది

బడిలో పాఠం చెప్పేవారు లోపలివి వేయించుకోవాలనుకుంటే వేసవి సెలవుల మొదటి రోజుల్లో మొదలుపెట్టండి. బడి తెరిచేసరికి నాలుక అలవాటు పడుతుంది.

విజయనగరం సంగీత కళాశాల 1919లో మొదలైనప్పటినుంచి పాడేవారికీ వాయించేవారికీ ఈ ఊరు నిలయం. గాయకులకు నేను అలైనర్లనే ముందు చెబుతాను, కచేరీ వేళ తీసి పెట్టుకోవచ్చు. నాదస్వరం వాయించేవారికి బయటి క్లిప్పులు పెదవి లోపల పుండ్లు చేస్తాయి, వారికి లోపలివి మేలు. ఊదేటప్పుడు నాలుక కదలికను మాత్రం కొన్ని రోజులు తిరిగి సాధన చేయాలి.

పదిహేనేళ్ల లోపు పిల్లలకు లోపలివి తొందరపడి వేయకండి. అప్పుడే వచ్చిన పంటి వెనక భాగం ఇంకా చిగురులోనే దాగి ఉంటుంది, బ్రాకెట్టు పట్టే చోటు చాలదు. మెటల్ క్లిప్పులతో ఆ వయసు పిల్లలకు చక్కగా జరుగుతుంది. సిగ్గుపడతారని పెద్దలే ఎక్కువ బెంగపడుతున్నారు.

"మాఘంలో పెళ్లి, ఆలోపు అయిపోవాలి" అని కార్తీకంలో వచ్చే కుటుంబాలకు నా జవాబు నొప్పిగానే ఉంటుంది. పూర్తి చికిత్సకు మామూలుగా ఏడాదిన్నర, రెండేళ్లు పడుతుంది. లోపలివైనా బయటివైనా అంతే. పెళ్లి దాటాక కూడా కొనసాగించడానికి ఒప్పుకుంటే అప్పుడు లోపలి క్లిప్పులు సరైన ఎంపిక, పీటల మీద నవ్వినా కనపడవు. ఒప్పుకోకపోతే మొదలుపెట్టకండి.

డబ్బుకు ఇబ్బంది ఉండి, పైకి కనపడటమూ ఇష్టం లేనివారికి ఒక మధ్యేమార్గం ఉంది: పైవరుసకు లోపల, కిందివరుసకు బయట మెటల్. కింది పళ్లు మాట్లాడేటప్పుడు పెదవి చాటునే ఉంటాయి. నాలుకకు ఎక్కువ పుండ్లు పడేది కింది లోపలి బ్రాకెట్లవల్లనే కాబట్టి ఆ బాధ కూడా తప్పుతుంది. మా దగ్గర ఈ జోడీ ఎంచుకున్నవాళ్లు ఎక్కువ తృప్తిగా ఉండటం చూస్తున్నాను.

ఉద్దానం నుంచి వచ్చేవారికి ప్రత్యేకంగా ఒక మాట. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు, మందస, కంచిలి ప్రాంతాల్లో కిడ్నీ జబ్బు ఎంతమందిని బాధిస్తోందో మీకు నేను చెప్పనవసరం లేదు. క్లిప్పులు వేసిన కొత్తలో, తీగ బిగించినప్పుడల్లా రెండు మూడు రోజులు నొప్పి ఉంటుంది. మందుల షాపులో అడిగి ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు తెచ్చుకుని మింగకండి, అవి కిడ్నీలకు హాని చేస్తాయి. మీ ఊరు, మీ ఇంట్లో ఎవరికైనా ఆ జబ్బు ఉందా అన్నది మొదటి రోజే డాక్టరుకు చెప్పండి. ఏ మాత్ర, ఎంత మోతాదు అన్నది ఆయనే రాసి ఇవ్వాలి.

సంతకం పెట్టే ముందు అడగవలసినవి

నా సెటప్ చూపిస్తారా? మొదటి సెటప్‌నే ఒప్పుకున్నారా, దిద్దించారా? లోపలి క్లిప్పులతో మొదటినుంచి చివరిదాకా పూర్తి చేసిన కేసుల ఫోటోలు ఉన్నాయా? బ్రాకెట్టు ఊడితే తిరిగి అంటించే తొడుగులు ఎవరి దగ్గర ఉంటాయి? ఈ ఆఖరి ప్రశ్నకు జవాబు కాగితం మీద రాయించుకోండి. ల్యాబులో పారేసిన తొడుగు వల్ల మొత్తం అచ్చు మళ్లీ తీయవలసి వచ్చిన రోగులు మరో ఊరి నుంచి మా దగ్గరికి వచ్చారు.

శుభ్రతకు చిన్న తలకాయ ఉన్న బ్రష్షు, పళ్ల సందుల్లో దూరే సన్నని బ్రష్షులు, ఒక చిన్న నోటి అద్దం కొనుక్కోండి. కింది ముందు పళ్ల వెనక గార త్వరగా కడుతుంది. మూడు నాలుగు నెలలకోసారి క్లీనింగ్ చేయించుకోండి.

క్లిప్పులు తీసిన రోజున చాలామంది ఇక పని అయిపోయిందనుకుంటారు. పళ్లు పాత చోటికి పోవాలనే చూస్తాయి. అందుకే బ్రాకెట్లు తీసిన అదే వెనకవైపు ఒక సన్నని తీగ అంటించి వదిలేస్తాం, లేదా రాత్రిపూట పెట్టుకునే రిటైనర్ ఇస్తాం. దాని ధర మొత్తం ఖర్చులో కలిసి ఉందో లేదో ముందే కనుక్కోండి.